బుల్లోడితో పాటు నేనూ క్లాసుకెళ్లాను

“కుక్కకి ట్యూషనేమిటే అమ్మాయ్, చోద్యం కాకపోతే!” అన్నారు మా అత్తయ్యగారు. ఆదివారం పొద్దున్నే, ఇంకా పాలైనా కాగకముందే, నేను బుల్లోణ్ణి తీసుకుని బయల్దేరుతుంటే ఆవిడన్న మాట అది. నిజం చెప్పొద్దూ, అంతకు ఏడాది ముందైతే నేనూ అదే అనేదాన్ని.

బుల్లోడు జాతికుక్కేం కాదు. 2023 ఆగస్టులో జోరువానలో మావాడు స్కూలు నుంచి వస్తూ చొక్కాలో చుట్టి తెచ్చిన వీధికుక్క పిల్ల. “ఒక్క రాత్రి ఉంచుదాం” అనుకున్నాం. ఆ రాత్రి ఇంకా తెల్లారలేదు! డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి నట్టల మందు, పార్వో టీకా, రేబిస్ టీకా అన్నీ వేయించాం. ఉల్లిపాయ, చాక్లెట్, ద్రాక్ష పెట్టకూడదని ఆయన చెప్తే శ్రద్ధగా రాసుకున్నాను. అంతటితో నా బాధ్యత తీరిందనుకున్నాను. పెంపకం ఎలాగో ఆయనా చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఎనిమిది నెలలొచ్చేసరికి ఇంట్లో వాడిదే రాజ్యం. బెల్లు మోగితే గుమ్మం దాకా పరుగు, వచ్చినవాళ్ల మీదకి ముందు కాళ్లెత్తి ఒక్క దూకు. చిన్నప్పుడు అలా దూకితే మేమే ముచ్చటపడి ఎత్తుకునేవాళ్లం కదా! ఇప్పుడేమో పదిహేను కిలోలు. వీధిలో నేను వాణ్ణి తిప్పుతున్నానో, వాడు నన్ను ఈడుస్తున్నాడో చూసేవాళ్లకి తెలిసేది కాదు.

ఓ సాయంత్రం లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఎదురుగా కింది ఫ్లోరు వాళ్ల పాప. ఆరేళ్లుంటాయి. చేతిలో బిస్కెట్టు. బుల్లోడు దూకాడు. కరవలేదు. కానీ పాప వెల్లకిలా పడింది, మోచేతి మీద గోరు గీరుకుని ఎర్రగా చార పడింది. వాళ్లమ్మ పసుపు తేబోతుంటే వద్దని చెప్పి, పంపు కింద సబ్బుతో పావుగంట కడిగించి ఆస్పత్రికి తీసుకెళ్లాను. మా కుక్కకి టీకా వేయించామన్నా డాక్టరు ఒప్పుకోలేదు. రక్తం రాకపోయినా గోటిగీతని అశ్రద్ధ చెయ్యకూడదన్నారు. ఐదు ఇంజెక్షన్లు. ఆ రోజు ఒకటి, తర్వాత 3, 7, 14, 28 రోజులకి తక్కినవి.

ఐదుసార్లూ వాళ్లతో ఆటోలో నేనూ వెళ్లాను. మూడోసారి అనుకుంటా, పాప నన్నడిగింది: “ఆంటీ, బుల్లోడికి నేనంటే కోపమా?” అని. ఏం చెప్పను?

అపార్ట్‌మెంటు మీటింగులో “కుక్కని పంపెయ్యండి” అన్నారు. ఎంతమంది ఓటేసినా పెంపుడు జంతువుల్ని పెంచుకోవద్దని అసోసియేషన్లు నిషేధించకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. మావారు ఆ కాగితాలు ప్రింటు తీసుకొచ్చారు కూడా. నేనే వాటిని బయటికి తియ్యనివ్వలేదు. కాగితం మావైపే ఉంది, సరే. మెట్ల దగ్గర ఆ పాప మమ్మల్ని చూసి గోడకి అతుక్కుపోతోంటే ఆ కాగితం ఎవరికి చూపించుకోను? రెండు నెలలు గడువడిగాను.

సైన్యంలో కుక్కలకి శిక్షణనిచ్చి రిటైరైన ఓ మాస్టారు ఊరి చివర మైదానంలో ఆదివారాలు క్లాసులు చెప్తారు. ఓ లాబ్రడార్, రెండు పొమెరేనియన్లు, కాకిని చూసినా జడుసుకునే ఓ జర్మన్ షెపర్డ్... వాటి మధ్య మా నాటు బుల్లోడు. మాస్టారు కుక్క వైపు చూడనైనా చూడలేదు. “వీణ్ణి కూర్చోమని ఇంట్లో ఎవరెలా అంటారమ్మా?” అన్నారు.

చెప్పాను. నేను ‘సిట్’ అంటాను. మావారు ‘బైఠ్’. మా అబ్బాయి ‘డౌన్ రా’. అత్తయ్యగారు ‘కూర్చోరా నాయనా’.

“ఎల్కేజీ పిల్లాడికి ఒకేసారి ఇన్ని భాషల్లో పాఠం చెప్తే ఏం నేర్చుకుంటాడమ్మా?” అన్నారాయన. ఆ రోజు నుంచి అందరికీ ‘కూర్చో’ ఒక్కటే. ‘నాయనా’ మానడానికి మా అత్తయ్యగారికి పది రోజులు పట్టింది.

పద్ధతి చూస్తే చాలా చిన్నది. శనగగింజంత ముక్క ముక్కు మీదుగా వెనక్కి జరిపితే తలెత్తి చూస్తూ వాడే కూలబడతాడు. ఆ క్షణంలోనే నోట్లో పెట్టాలి. ఆలస్యమైతే, లేచినందుకు పెట్టారనుకుంటాడు. అందరూ ఉడికించిన కోడిముక్కలు తెస్తే మేం ఉడికించిన క్యారెట్టు పట్టుకెళ్లాం. మా వంటింట్లో కోడిని ఉడికించే ధైర్యం నాకు లేదు!

నడిపించడమే మహా కష్టం. తాడు బిగిసిందా, రాయిలా నిలబడిపోవాలి. వదులైతేనే అడుగు. మొదటివారం మా గేటు నుంచి మూలమీద కిరాణాకొట్టుకి అరగంట పట్టింది. కొట్టాయన కంగారుపడి, “ఏమ్మా, కళ్లు తిరుగుతున్నాయా? మంచినీళ్లివ్వనా?” అన్నాడు.

దూకితే తిట్టకూడదు, తొయ్యకూడదు, కనీసం చూడకూడదు. అటు తిరిగి నిలబడి, నాలుగు కాళ్లూ నేల మీదున్నప్పుడే నిమరాలి. బుల్లోడు నేర్చుకున్నాడుగానీ మా ఆడపడుచు నేర్చుకోలేదు. వచ్చినప్పుడల్లా “పాపం, దూకనీ వదినా” అని వాణ్ణి ఎత్తుకుంటుంది. వారం శ్రమ గంగపాలు!

అంతకుముందు పేపరు చుట్టి ఒకటేసేదాన్ని. “కొడితే దూకకూడదని నేర్చుకోదమ్మా, మీ చేతిని చూసి భయపడ్డం నేర్చుకుంటుంది” అన్నారు మాస్టారు. పిలిచి తిట్టొద్దని కూడా అన్నారు. చెప్పు కొరికినప్పుడల్లా నేను “బుల్లీ, ఇలా రా” అని పిలిచి మరీ కేకలేసేదాన్ని. మరి పిలిస్తే ఎందుకొస్తాడు? ప్రోగ్రెస్ కార్డు కోసం మావాణ్ణి ఎలా పిలిచేదాన్నో గుర్తొచ్చి ఆ పూట అన్నం సహించలేదు.

అలాగని వాడేదో బుద్ధిమంతుడైపోయాడని కాదు. 2024 దీపావళికి రెండు రోజులు మంచం కిందనుంచి రాలేదు. పెసరట్టు కనబడితే ఇప్పటికీ చదువంతా మర్చిపోతాడు.

ఎనిమిదో ఆదివారం సాయంత్రం. లిఫ్టు తెరుచుకునేసరికి మళ్లీ ఆ పాప, పక్కన వాళ్లమ్మ. నా గుండె దడదడలాడింది. తాడు బిగించలేదు. “కూర్చో” అన్నాను, మామూలుగా. తోక నేలని ఊడ్చేస్తోంది, ఒళ్లంతా వణుకుతోంది, అయినా కూర్చున్నాడు.

వాళ్లమ్మ కొంగు వెనకనుంచి పాప తొంగి చూసింది. “ఆంటీ, నేను చెప్తే కూడా కూర్చుంటాడా?”

“చెప్పి చూడు.”

“కూర్చో!” అంది అక్కణ్ణుంచే. అప్పటికే కూర్చునున్నాడు కదా, ఇంకేం చెయ్యాలో తోచక నా మొహం చూసి, ఏకంగా బోర్లా పడుకున్నాడు. పాప కిలకిలా నవ్వింది.

వాళ్లమ్మ మాత్రం లిఫ్టెక్కలేదు. “మీరెక్కండి, మేం మెట్లమీంచి దిగుతాం” అని బుల్లోణ్ణి తీసుకుని ఇవతలికొచ్చాను.