నిజామియా వేధశాల నక్షత్ర పట్టిక

నిజామియా వేధశాల నక్షత్ర పట్టిక అనేది హైదరాబాదులోని నిజామియా వేధశాల 20వ శతాబ్దపు తొలి దశకాలలో గాజు ప్లేట్లపై ఫొటోలు తీసి, కొలిచి, ప్రచురించిన నక్షత్ర స్థానాల పట్టిక. ఇది "ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగు" అనే అంతర్జాతీయ పట్టికలో ఒక భాగము. ఈ కొలతలను సుమారు ఏడు దశాబ్దాల తరువాత హిప్పార్కస్ అనే అంతరిక్ష దూరదర్శిని కొలతలతో పోల్చి, లక్షలాది నక్షత్రాల చలనాన్ని లెక్కగట్టారు. ఆ విధంగా బేగంపేటలో చేసిన పని అంతరిక్ష యుగపు పరిశోధనలో భాగమైనది.

వేధశాల చరిత్ర

హైదరాబాదు ప్రముఖులలో ఒకరైన నవాబ్ జఫర్ జంగ్ ఖగోళశాస్త్రంపై మక్కువతో ఇంగ్లండు నుండి 15 అంగుళాల గ్రబ్ దూరదర్శినిని కొని, 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాలను నెలకొల్పాడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీదుగా దీనికి నిజామియా అనే పేరు వచ్చినది. జఫర్ జంగ్ 1907లో మరణించగా, 1908లో నిజాం ప్రభుత్వం వేధశాలను స్వీకరించి, ఆర్థర్ చాట్‌వుడ్‌ను సంచాలకునిగా నియమించినది. ఆయన కాలంలో వేధశాల నేటి అమీర్‌పేట, పంజాగుట్టలకు సమీపాన ఉన్న బేగంపేటకు మారినది. ఆకాశపు ఫొటోలు తీయడానికి 8 అంగుళాల కుక్ ఆస్ట్రోగ్రాఫ్‌ను ఇక్కడనే అమర్చారు.

చాట్‌వుడ్ తరువాత 1914లో రాబర్ట్ పోకాక్ సంచాలకుడైనాడు. 1918లో పోకాక్ మరణించిన పిమ్మట బాధ్యతలు టి.పి. భాస్కరన్‌కు వచ్చాయి. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం అధీనంలోకి వెళ్ళినది. గ్రబ్ దూరదర్శిని 1922లో పనిలోకి వచ్చినది. భాస్కరన్ తరువాత 1944 నుండి 1960 వరకు అక్బర్ అలీ సంచాలకునిగా ఉన్నాడు.

అంతర్జాతీయ పథకం

1887లో పారిస్ వేధశాల సంచాలకుడు అడ్మిరల్ ఎర్నెస్ట్ ముషే చొరవతో జరిగిన మహాసభలో, ఆకాశం మొత్తాన్ని ఫొటోల ద్వారా నమోదు చేయాలని నిర్ణయించారు. ఖగోళాన్ని క్రాంతి ప్రకారం, అనగా ఖగోళ మధ్యరేఖ నుండి ఉత్తర దక్షిణాలకు కొలిచే కోణం ప్రకారం, మండలాలుగా విభజించి ఒక్కొక్క వేధశాలకు అప్పగించారు. సుమారు 11వ ప్రకాశ పరిమాణం వరకు ఉన్న నక్షత్రాలను, అనగా కంటికి కనిపించే అతి మసక తారకంటె నూరు రెట్లు మసకైన వాటిని, ఇందులో చేర్చాలని లక్ష్యం. అంతిమంగా ప్రపంచమంతటా 22 వేలకు పైగా ప్లేట్లు తీసి, సుమారు 46 లక్షల నక్షత్రాల స్థానాలను కొలిచారు.

హైదరాబాదు వంతుకు రెండు మండలాలు వచ్చాయి. రెండూ మొదట ఇతరులకు కేటాయించినవే.

దక్షిణ మండలం: క్రాంతి -17 నుండి -23 డిగ్రీలు. మొదట చిలీ దేశంలోని సాంటియాగోకు కేటాయించినది. హైదరాబాదు ప్లేట్లు 1914-1929 మధ్య తీసినవి.

ఉత్తర మండలం: క్రాంతి +36 నుండి +39 డిగ్రీలు. మొదట జర్మనీలోని పోట్స్‌డాంకు కేటాయించినది. హైదరాబాదు ప్లేట్లు 1928-1938 మధ్య తీసినవి.

హైదరాబాదు అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు. కాబట్టి దక్షిణ మండలపు నక్షత్రాలు ఇక్కడ దిగంతం నుండి సుమారు 50-56 డిగ్రీల ఎత్తు వరకు వస్తాయి. ఐరోపాలోని వేధశాలలకు అవి దిగంతానికి దగ్గరగా మాత్రమే కనిపిస్తాయి. పంచాంగం తెలిసిన పాఠకులకు పరిచయమైన అనూరాధ నక్షత్రంలోని కొన్ని తారలు దక్షిణ మండలంలోనూ, అభిజిత్తు ఉత్తర మండలంలోనూ ఉన్నాయి.

కొలిచే పద్ధతి

డిగ్రీలో 60వ వంతును కళ అనీ, కళలో 60వ వంతును వికళ అనీ అంటారు. పున్నమి చంద్రబింబం వెడల్పు సుమారు 30 కళలు. ఆస్ట్రోగ్రాఫిక్ ప్లేటు మీద ఒక మిల్లీమీటరు ఒక కళకు సమానం. కావున అటువంటి ప్లేటు మీద చంద్రుడు పడితే సుమారు 3 సెంటీమీటర్ల బింబం ఏర్పడుతుంది. ఒక వికళ అంటే మిల్లీమీటరులో 60వ వంతు మాత్రమే.

ఒక్కొక్క ప్లేటు రెండు డిగ్రీల పొడవు, రెండు డిగ్రీల వెడల్పు గల ఆకాశాన్ని చూపుతుంది. కొలతకు వీలుగా ప్లేటుపై 5 మిల్లీమీటర్ల గడుల జాలకాన్ని ముందుగానే ముద్రించేవారు. తరువాత సూక్ష్మదర్శిని కింద ప్లేటును ఉంచి, ప్రతి నక్షత్రం గడి గీతల నుండి ఎంత దూరంలో ఉన్నదో కంటితో చూసి రాసుకొనేవారు. రెండు మండలాలు కలిపి నాలుగు లక్షలకు పైగా నక్షత్రాలకు ఈ పని జరిగినది. కంప్యూటర్లు లేని ఆ కాలంలో గణితమంతా చేతితోనే చేయవలసి వచ్చేది.

పట్టికపై విమర్శ

చాలా కాలం ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగును వృథా ప్రయాసగా భావించిన వారున్నారు. దానికి కారణాలు లేకపోలేదు. సంపుటాలలో ముద్రించినవి ఆకాశ నిరూపకాలు కావు, ప్లేటు మీది నిలువు, అడ్డ కొలతలు మాత్రమే. వాటిని ఆకాశ స్థానాలుగా మార్చాలంటే ప్రతి ప్లేటుకు వేరుగా లెక్క చేయాలి. అందుకు ఆధారం కావలసిన నక్షత్రాల స్థానాలు కూడా అప్పట్లో అంత కచ్చితంగా తెలియవు. పైగా ఈ పథకంలో నిమగ్నమైన వేధశాలలకు నక్షత్రాల భౌతిక ధర్మాలను పరిశోధించే కొత్త శాస్త్రానికి సమయం చిక్కలేదని మరొక విమర్శ.

హిప్పార్కస్, టైకో-2

ఐరోపా అంతరిక్ష సంస్థ 1989 ఆగస్టు 8న ప్రయోగించిన హిప్పార్కస్, నక్షత్ర స్థానాలను కొలవడానికే పంపిన మొదటి ఉపగ్రహం. దానిని భూస్థిర కక్ష్యకు చేర్చవలసిన మోటారు మండకపోవడంతో కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలోనే మిగిలిపోయినది. అయినప్పటికీ 1993 వరకు పనిచేసి, 1,18,218 నక్షత్రాల స్థానాలను సుమారు వికళలో వెయ్యోవంతు కచ్చితత్వంతో అందించినది. అదే ఉపగ్రహంలోని టైకో అనే మరొక సాధనం పది లక్షలకు పైగా నక్షత్రాలను కొంత తక్కువ కచ్చితత్వంతో కొలిచినది. ఈ రెండు పట్టికలు 1997లో వెలువడ్డాయి.

నక్షత్రాలు స్థిరంగా కనిపించినా నిజానికి కదులుతూనే ఉంటాయి. ఆకాశంలో వాటి స్థానం ఏటా మారే కోణాన్ని స్వీయ చలనం అంటారు. దీనిని కనుగొనాలంటే ఒకే నక్షత్రం స్థానం రెండు వేర్వేరు కాలాలలో తెలియాలి. పాత ప్లేట్ల విలువ ఇక్కడనే తెలుస్తుంది. ఒక చిన్న లెక్క చూడవచ్చు.

ఉపగ్రహం రెండేళ్ళ ఎడంతో ఒక నక్షత్రాన్ని రెండుసార్లు కొలిచినదనీ, ఆ రెండు స్థానాల తేడాలో 0.06 వికళల దోషం ఉన్నదనీ అనుకుందాము. అప్పుడు చలనంలో దోషం 0.06 ÷ 2, అనగా ఏడాదికి 0.03 వికళ. ఇప్పుడు 1920 నాటి ప్లేటును, 1991 నాటి ఉపగ్రహ కొలతను పోల్చుదాము. ప్లేటు మోటుది కాబట్టి తేడాలో దోషం 0.3 వికళ అనుకున్నా, దానిని 71 సంవత్సరాలతో భాగించాలి. ఫలితం ఏడాదికి సుమారు 0.004 వికళ. అనగా అయిదు రెట్లు మోటైన కొలత, కాలవ్యవధి వలన ఏడు రెట్లు మెరుగైన ఫలితాన్ని ఇచ్చినది.

అమెరికా నౌకాదళ వేధశాల శాస్త్రజ్ఞులు హైదరాబాదు సంపుటాలతో సహా ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగు మొత్తాన్ని కంప్యూటరులోకి ఎక్కించి, హిప్పార్కస్ నక్షత్రాల ఆధారంగా తిరిగి గణించి, 1997లో ఏసీ 2000 పేరుతో విడుదల చేశారు. దీనిని, మరి 143 భూతల పట్టికలను టైకో కొలతలతో కలిపి, ఎరిక్ హోగ్ బృందం 2000లో టైకో-2 పట్టికను ప్రచురించినది. దీనిలో సుమారు 25 లక్షల నక్షత్రాలు ఉన్నాయి. వృథా అనుకొన్న పని ఆ విధంగా అక్కరకు వచ్చినది.

గైయా తరువాత

2013 డిసెంబరు 19న ప్రయోగించిన గైయా, భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉండి 2025 జనవరి వరకు ఆకాశాన్ని పరిశీలించినది. 2022 జూన్‌లో వెలువడిన దాని మూడవ విడుదలలో 180 కోట్లకు పైగా జ్యోతులు ఉన్నాయి. గైయా కొలతలు ఎంతో సూక్ష్మమైనవి కనుక, సాధారణ నక్షత్రాల చలనానికి ఇప్పుడు పాత ప్లేట్ల అవసరం లేదు. కాని కాలవ్యవధి సూత్రం మారలేదు. ఒక నక్షత్రం చుట్టూ కనిపించని గ్రహం తిరుగుతుంటే, నక్షత్రం సరళరేఖలో కాక స్వల్పంగా ఊగుతూ సాగుతుంది. హిప్పార్కస్, గైయా స్థానాల మధ్య సుమారు 25 ఏళ్ళ సగటు చలనాన్ని, గైయా కాలపు చలనంతో పోల్చితే ఆ ఊగిసలాట బయటపడుతుంది.

హిప్ 99770 అనే నక్షత్రానికి ఈ విధంగానే తోడు ఉన్నదని అనుమానించి, హవాయిలోని సుబారు దూరదర్శినితో ఫొటో తీసి, బృహస్పతికి సుమారు 15 రెట్లు బరువైన గ్రహాన్ని కనుగొన్నట్లు 2023లో ప్రకటించారు. ఆ పరిశోధనలో హైదరాబాదు ప్లేట్ల ప్రమేయం లేదు. అయితే ఆ నక్షత్రం క్రాంతి సుమారు +36.8 డిగ్రీలు. అనగా అది హైదరాబాదుకు అప్పగించిన ఉత్తర మండలంలోనిదే.

ప్రస్తుత స్థితి

నగరం పెరిగి రాత్రి ఆకాశంలో వెలుతురు ఎక్కువ కావడంతో, పరిశీలనలు రంగారెడ్డి జిల్లాలోని జపాల్-రంగాపూర్‌కు తరలినవి. అక్కడ 1968లో 48 అంగుళాల దూరదర్శినిని నెలకొల్పారు. బేగంపేటలోని పాత స్థలంలో ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం ఉన్నది. దాని చిరునామాలో నేటికీ నిజామియా వేధశాల ప్రాంగణం అనే పేరు కనిపిస్తుంది. ప్రఖ్యాత ఖగోళ శాస్త్రజ్ఞుడు వైను బప్పు తండ్రి ఈ వేధశాలలోనే పనిచేశాడు. బాలుడైన వైను బప్పుకు నక్షత్రాలతో పరిచయం ఇక్కడనే కలిగినది.

లక్డీకాపూల్ సమీపాన నౌబత్ పహాడ్ మీద 1985లో ప్రారంభమైన బిర్లా నక్షత్రశాలను ఏటా ఎందరో విద్యార్థులు దర్శిస్తారు. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఈ నక్షత్ర పట్టిక తయారైనదని తెలిసినవారు తక్కువ. దూరదర్శినులు ఎంత మెరుగైనా, గడిచిపోయిన రాత్రిని తిరిగి ఫొటో తీయడం సాధ్యం కాదు. కనుక 1914-1938 నాటి ఆకాశానికి ఈ కొలతలు చెదరని సాక్ష్యాలు.