గాఢ మాల్ట్ పాకం: గృహస్థాయి బీరు తయారీలో వాడకం, నిల్వ

బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, వేడిగాలితో ఆరబెట్టగా లభించేది మాల్ట్. మాల్ట్‌ను నలగగొట్టి 62 నుండి 68 డిగ్రీల సెల్సియస్ వేడి గల నీటిలో ఉంచినపుడు గింజలోని ఎంజైములు పిండిపదార్థాన్ని మాల్టోజు మొదలైన చక్కెరలుగా మారుస్తాయి. వడకట్టిన ఈ తీపి ద్రవాన్ని బీరు తయారీదారులు వర్ట్ అంటారు. వర్ట్‌ను తక్కువ పీడనంలో, తక్కువ ఉష్ణోగ్రత వద్ద ఆవిరి చేసి నీటిని తొలగించగా మిగిలేది గాఢ మాల్ట్ పాకం. ఇందులో ఘనపదార్థాలు సుమారు 80 శాతం, నీరు సుమారు 20 శాతం ఉంటాయి. చూపునకు ముదురు తేనెను, స్పర్శకు తీగపాకాన్ని పోలి ఉంటుంది.

ఇంటిలో బీరు తయారుచేసేవారికి ఈ పాకం వలన కలిగే సౌకర్యం పెద్దది. గింజను నలగగొట్టడం, ఉష్ణోగ్రతను గంటసేపు నిలకడగా ఉంచడం, వడకట్టడం అనే శ్రమ అంతా కర్మాగారంలోనే ముగుస్తుంది. పాకాన్ని నీటిలో కలిపి, హాప్స్ వేసి మరిగించి, చల్లార్చి, ఈస్ట్ చేర్చితే చాలు. అమెరికాలో 1920 నుండి 1933 వరకు మద్యనిషేధం అమలులో ఉన్న కాలంలో రొట్టెల తయారీ పేరిట డబ్బాలలో విక్రయించిన మాల్ట్ పాకం ఇండ్లలో బీరుగా మారుతుండేదన్నది అందరెరిగిన రహస్యమే. బ్రిటన్‌లో 1963లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ గృహ తయారీకి లైసెన్సు అవసరాన్ని తొలగించారు. అమెరికాలో 1978 అక్టోబరు 14న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం ఒక వయోజనుడు గల ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకు మించిన వయోజనులు గల ఇంటికి 200 గ్యాలన్ల బీరును సొంత వాడకానికి పన్ను లేకుండా తయారుచేసుకొనే వీలు కల్పించింది. తెలుగు రాష్ట్రాలలో మాత్రం 1968 నాటి ఎక్సైజ్ చట్టాన్ని అనుసరించి లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. కావున ఇచ్చట వివరించే బీరు తయారీ పద్ధతులు దానిని అనుమతించిన దేశాలకు చెందినవే. పాకం స్వభావానికి సంబంధించిన అంశాలు మాత్రం తేనె, ద్రవ బెల్లం వంటి గాఢ ద్రవాలతో పనిచేసే వారికి కూడా వర్తిస్తాయి.

చిక్కదనం: మేలు, ఇబ్బంది

మాల్ట్ పాకం నెలల తరబడి చెడకుండా నిలవడానికి కారణం దాని చిక్కదనమే. ఉన్న కొద్దిపాటి నీటిని చక్కెరలు పట్టి ఉంచుతాయి కాబట్టి సూక్ష్మజీవులకు అది అందుబాటులో ఉండదు. తేనె నిల్వ ఉండడానికి గల ప్రధాన కారణాలలో ఇదొకటి. అయితే ఆ చిక్కదనమే పాకం డబ్బాను వదలకుండా, చెంచాకు అంటుకొని, పాత్ర అడుగున పేరుకొనేటట్లు చేస్తుంది. పాకాన్ని పలుచన చేయడానికి మార్గాలు రెండే: వేడి చేయడం, నీరు కలపడం. మొదటిది మితిమీరితే రంగు, రుచి చెడతాయి. రెండవది జరిగిన మరుక్షణం నుండి నిల్వగుణం తగ్గిపోతుంది. ఇంటి తయారీలో ఎదురయ్యే చిక్కులన్నీ ఈ రెండింటి మధ్యనే తిరుగుతుంటాయి.

డబ్బాను వేడిచేయడం

గది ఉష్ణోగ్రత వద్ద కదలడానికి మొరాయించే పాకం 45 నుండి 50 డిగ్రీల వద్ద నూనెవలె ధారగా జారుతుంది. స్నిగ్ధత ఉష్ణోగ్రతతో అంత వేగంగా పడిపోతుంది. ఇందుకు డబ్బాపై కాగితం తీసివేసి, మూత తెరవకుండానే వేడినీటి పాత్రలో 20 నుండి 30 నిమిషాలు నిలబెట్టాలి. నీటిని ముందుగా కాచి, పాత్రను పొయ్యి నుండి దించిన తరువాతనే డబ్బాను ఉంచడం శ్రేయస్కరం. మూసిన డబ్బాను మంటపై పెట్టినచో లోపలి ఒత్తిడి పెరిగి పగిలే ప్రమాదం ఉంది. పగలకపోయినా అడుగుభాగం పాకం మాడుతుంది. ప్లాస్టిక్ డబ్బాలకు కుళాయి నుండి వచ్చే వేడినీరే సరిపోతుంది.

తెరిచిన డబ్బా అంచులు పదునుగా ఉంటాయి. వేడి డబ్బాను, జారే పాకాన్ని ఒకేసారి పట్టుకొనవలసి వస్తుంది కనుక దళసరి గుడ్డతో పట్టుకోవడం అవసరం. తేనె కొలిచేటపుడు చెంచాకు కొద్దిగా నూనె రాయడం వంటింటి అలవాటు. మాల్ట్ పాకం విషయంలో అది తగదు. నూనె లేశమాత్రం ఉన్నా బీరుపై నురుగు నిలవదు. చెంచాను, గరిటెను వేడినీటిలో ముంచి వాడినా అదే ఫలితం వస్తుంది.

పాకాన్ని తూకంతోనే లెక్కించాలి. లీటరు పాకం సుమారు 1.4 కిలోల బరువు ఉంటుంది. కొలపాత్రతో కొలిచినచో పాత్ర గోడలకు అంటుకొన్న భాగం లెక్కలోకి రాదు. మరిగించే పాత్రనే త్రాసుపై ఉంచి, అందులోకి పాకం వంచడం మంచి పద్ధతి.

డబ్బాలో మిగిలిపోయే పాకాన్ని చాలామంది తేలికగా తీసుకొంటారు. ఒక కిలో పాకం ఒక లీటరు వర్ట్‌లో విశిష్ట గురుత్వాన్ని సుమారు 300 పాయింట్లు పెంచుతుందని తయారీదారుల లెక్క. ఒక పాయింటు అంటే 0.001. ఈ లెక్కన 1.5 కిలోల డబ్బాలు రెండు వాడి 20 లీటర్ల వర్ట్ తయారుచేస్తే విశిష్ట గురుత్వం 1.045 రావాలి. ఒక్కొక్క డబ్బాలో 100 గ్రాముల చొప్పున గోడలకు అంటుకొని ఉండిపోతే అది 1.042కు తగ్గుతుంది. పులిసిన తరువాత ఆల్కహాలులో సుమారు 0.3 శాతం లోటు ఏర్పడుతుంది. తరువాత ఈ లోటు కనిపించినపుడు ఈస్ట్‌ను నిందించడం పరిపాటి, తప్పు మాత్రం కడగని డబ్బాది. పాత్రలోని వేడినీటిని డబ్బాలో సగం వరకు పోసి, బాగా తిప్పి, తిరిగి పాత్రలోనే వంచాలి. రెండుసార్లు ఇలా చేస్తే డబ్బా శుభ్రపడుతుంది.

పాత్రలో కలపడం

అసలు నష్టం జరిగేది ఇక్కడే. పాకం నీటికంటే ఎంతో బరువైనది. మరుగుతున్న నీటిలో పోసినా అది వెంటనే కరగదు, నేరుగా అడుగుకు చేరి పలకవలె పరుచుకొంటుంది. మంట తగిలే లోహానికి, నీటికి నడుమ ఈ పొర అడ్డుపడుతుంది. పైన నీరు 100 డిగ్రీలు దాటదు, కానీ అడుగున చిక్కిన చక్కెర అంతకు మించిన వేడికి గురై నల్లబడుతుంది. బెల్లం వండేవారు పాకం ముదిరే వేళ కలియబెట్టడం ఆపకపోవడానికి కారణం ఇదే. మాడిన వాసన ఒకసారి వర్ట్‌లో చేరితే ఎన్ని వారాలు పులియబెట్టినా పోదు. ఆ పాత్రలోని 20 లీటర్లూ పారబోయవలసి రావచ్చు.

కావున పాకం పోయడానికి ముందు మంటను పూర్తిగా ఆర్పాలి. తగ్గించడం చాలదు. విద్యుత్ పొయ్యి అయితే ఆపిన తరువాత కూడా కొంతసేపు వేడిగా ఉంటుంది గనుక పాత్రను పక్కకు దించడం మంచిది. ఒకరు సన్నని ధారగా వంచుతుండగా మరొకరు పొడవాటి గరిటెతో అడుగును గీకుతూ కలపడం ఉత్తమం. ఒక్కరే ఉన్నచో కొద్దికొద్దిగా పోసి, ప్రతిసారీ కరిగేదాకా కలపాలి. గరిటెను అడుగున ఆనించి లాగినపుడు జిగురు తగలకుండా నున్నగా జారితే కరిగినట్లు. అటుపిమ్మట మాత్రమే మంట వెలిగించాలి. తిరిగి మరుగు పట్టే సమయంలో మాంసకృత్తుల వలన నురుగు ఒక్కసారిగా పైకి లేస్తుంది. పాత్రలో నాలుగింట మూడు వంతులకు మించి నింపకపోవడం, ఆ కొద్ది నిమిషాలు అక్కడి నుండి కదలకపోవడం రెండూ అవసరమే.

మాడకపోయినా రంగు ముదరడం వేరొక సమస్య. చక్కెరలు, అమైనో ఆమ్లాలు వేడికి కలిసి గోధుమవర్ణ పదార్థాలుగా మారే ఈ ప్రక్రియను 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మెయిలార్డ్ వివరించారు. గంటసేపు మరిగిన పాకంతో లేత బంగారు రంగు బీరు రావడం కష్టం. ఇందుకు అనుభవజ్ఞులు అనుసరించే ఉపాయం సరళమైనది: పాకంలో కొంతభాగాన్ని మొదట కలిపి హాప్స్‌తో మరిగించడం, మిగిలినదానిని చివరి 10 నుండి 15 నిమిషాలలో చేర్చడం. సూక్ష్మజీవులు నశించడానికి ఆ వ్యవధి సరిపోతుంది. పలుచని వర్ట్‌లో హాప్స్ చేదు కొంత అధికంగా దిగుతుంది కనుక హాప్స్ పరిమాణాన్ని కొద్దిగా తగ్గించవలసి ఉంటుంది. మొదటిసారి పాకం కలిపినపుడు వలెనే రెండవసారి కూడా మంట ఆర్పడం మరువరాదు.

నిల్వ

మెయిలార్డ్ చర్య పొయ్యిపైనే కాక, బీరువాలోని డబ్బాలో కూడా మెల్లగా సాగుతుంది. పాకంలో చక్కెరలు, అమైనో ఆమ్లాలు అతి సమీపంగా ఉంటాయి. వెచ్చని గదిలో దీర్ఘకాలం ఉన్న డబ్బా నల్లబడి, ఒక విధమైన పాత వాసనను సంతరించుకొంటుంది. పాకంతో చేసిన బీరుకు ప్రత్యేకమైన ఎబ్బెట్టు రుచి ఉంటుందనే అపవాదుకు పాకం కంటే పాత డబ్బాలే ఎక్కువ బాధ్యత వహించాలి. కొనేటపుడు తయారీ తేదీని, గడువు తేదీని చూడడం, తెరవని డబ్బాలను చల్లని చోట ఉంచడం దీనికి మందు.

సగం వాడిన డబ్బాను అలాగే మూతపెట్టి ఉంచరాదు. పొడిగా ఉన్న శుభ్రమైన గాజుసీసాలోనికి మార్చి, బిగుతుగా మూసి, శీతల అరలో ఉంచి కొన్ని వారాలలోగా వాడుకోవాలి. సీసాను చల్లబరిచేటపుడు మూత లోపలివైపు చేరిన తేమ బిందువులు పాకంపై పడితే, ఉపరితలంలో ఒక పలుచని పొర నీరుబారుతుంది. లోపలి పాకం చెక్కుచెదరకున్నా ఆ పొరపై బూజు పుడుతుంది. బూజు కనిపించిన పాకాన్ని పైపైన తీసివేసి వాడడం సరికాదు.

తరచుగా కొద్ది పరిమాణాలలో తయారుచేసేవారికి పొడి రూపంలోని మాల్ట్ అనుకూలమైనది. 1.5 కిలోల పాకానికి బదులు సుమారు 1.25 కిలోల పొడి సరిపోతుంది. అయితే పొడికీ దాని ఇబ్బంది దానికుంది. మరుగుతున్న పాత్రపై సంచి వంచిన క్షణంలోనే ఆవిరి తగిలి గట్టి ఉండలు కడుతుంది. ఆ ఉండలను విడగొట్టడం పాకాన్ని కరిగించడం కంటే తేలికేమీ కాదు. పొడిని ముందుగా చల్లని నీటిలో జారుగా కలిపి పోస్తే ఉండలు కట్టవు.