సర్వర్ పడిపోతే మీ మెసేజ్ ఏమవుతుంది?

యూపీఐలో కరెంటు బిల్లు కట్టారు. డబ్బులు కట్ అయ్యాయి కానీ మెసేజ్ రాలేదు. కాసేపటికి ఒకే మెసేజ్ రెండుసార్లు వచ్చింది. ఎందుకిలా?

ఇలాంటి సమాచారం చాలా వ్యవస్థల్లో ముందు ‘మెసేజ్ క్యూ’ అనే వరుసలో చేరుతుంది. ర్యాబిట్‌ఎంక్యూ, కాఫ్కా వంటి సాఫ్ట్‌వేర్లు చేసే పని ఇదే. ఒక్క సర్వర్‌నే నమ్ముకోకుండా మూడింటినో ఐదింటినో కలిపి క్లస్టర్‌గా నడుపుతారు. ఒకటి లీడర్. మిగతావాటి దగ్గర కాపీలుంటాయి.

లీడర్ పడిపోతే?

ఉదాహరణకు ర్యాబిట్‌ఎంక్యూ ‘కోరమ్ క్యూ’లో మిగిలిన సర్వర్లు కొత్త లీడర్‌ను ఎన్నుకుంటాయి. ఇందుకు మెజారిటీ తప్పనిసరి: మూడింటిలో రెండు, ఐదింటిలో మూడు పనిచేస్తుండాలి. లేదంటే క్యూ ఆగిపోతుంది. ఎన్నిక ముగిశాక మెసేజ్‌లు కొత్త లీడర్ వైపు మళ్లుతాయి. ఆలస్యం అందుకే. ‘అందింది’ అన్న రసీదు రాని మెసేజ్‌ను మళ్లీ పంపుతారు. రెండుసార్లు రావడం అందుకే. అసలు రాకపోవడం కన్నా అదే నయం కదా!

మరి డబ్బులు?

ఒకే లావాదేవీ నంబర్ రెండోసారి వస్తే వ్యవస్థ గుర్తుపట్టగలదు. మీరే మళ్లీ కడితే మాత్రం అది కొత్త నంబర్, కొత్త చెల్లింపు. కాబట్టి తొందరపడొద్దు, ముందు యాప్‌లో స్టేటస్ చూడండి. డబ్బులు కట్ అయినా బిల్లు వసూలు చేసే సంస్థకు ధ్రువీకరణ అందకపోతే, ఆర్‌బీఐ 2019 నిబంధనల ప్రకారం లావాదేవీ తేదీ నుంచి 5 రోజుల్లోగా అవి మీ ఖాతాకు తిరిగి రావాలి. ఆపై ఆలస్యమైతే రోజుకు రూ.100 పరిహారం.