బూజువలన కంటికి గలుగు కీడు

విద్యార్థులారా! నిలువ రొట్టెపై మొలచు బూజును మీరెరుగుదురు. ఆ జాతి బీజములు మన్నునందును గాలియందును ఎల్లప్పుడు నుండును. మనము వానిని పీల్చుచున్నను రక్తమందలి తెల్లకణములు వానిని నశింపజేయును. మధుమేహము మితిమీరినవారికిని, స్టెరాయిడు మందులు అధికముగా వాడినవారికిని ఈ రక్షణ సన్నగిల్లును. అప్పుడు బూజు ముక్కునుండి కంటిగూటికి ప్రాకి రక్తనాళములను మూసివేయును. రక్తమందని కండ నల్లబడి చచ్చును. ఇదియే మ్యూకర్‌మైకోసిస్.

2021వ సంవత్సరమున కోవిడ్ వెనువెంట ఇది మన నగరమున ప్రబలగా, కోఠీలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి దీని చికిత్సకు ప్రధానస్థానమయ్యెను. దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి.నగరు వాసులకు కోఠీ దూరము గాదు. ఇది ఒకరినుండి యొకరికి అంటదు. కావున రోగిని దూరముంచరాదు. మధుమేహముగల పెద్దలకు కన్ను వాచినను, ముఖమొకవైపు నొచ్చినను, ఒక వస్తువు రెండుగా గనబడినను, చుక్కలమందుతో సరిపెట్టక ఆనాడే వైద్యునికడకు గొనిపొండు. ఆంఫోటెరిసిన్ మందును, శస్త్రచికిత్సయు సకాలమున లభించినచో ప్రాణము నిలుచుటకును, కన్ను దక్కుటకును అవకాశము హెచ్చును.