మా మావయ్య జీపుకి ఇంజను మార్చిన విధము



మా ఊరు చింతపల్లి అవతల కొండమీద వుంది. బస్సు రాదు. సంతకి పోవాలన్నా, ఆస్పత్రికి పోవాలన్నా మా మావయ్య జీపే దిక్కు. ఈ వేసవి సెలవుల్లో ఎత్తు ఎక్కుతుంటే ఆ జీపు ఆగిపోయింది. లారీకి కట్టి నర్సీపట్నంలో ఒక షెడ్డుకి తీసుకెళ్ళినారు. నేనూ వెళ్ళినాను. అక్కడ చూసింది మీకు చెబుతాను.

ఎందుకు పాడయింది? రేడియేటరులో నీళ్ళు కారిపోయి ఇంజను బాగా వేడెక్కింది. పుల్ల తీసి చూస్తే, నల్లగా వుండాల్సిన ఆయిలు పాలటీ లాగ వుంది. అంటే ఆయిలులో నీళ్ళు కలిసినాయి. విప్పి చూస్తే బ్లాకు పగిలింది. ఇంక ఇంజను మార్చాలి.

జీపుకి ఇది కొత్త కాదు. 1941లో అమెరికాలో విల్లీస్ కంపెనీ సైన్యానికి చేసిన జీపుకి 60 గుర్రాల బలమున్న పెట్రోలు ఇంజను వుండేది. తరువాత మన దేశంలో మహీంద్రా వాళ్ళు జీపుల్లో డీజిలు ఇంజన్లు పెట్టినారు.

మావయ్య పెద్ద ఇంజను వేద్దామన్నాడు. మేస్త్రి వద్దన్నారు. ఇంజను బలం పెరిగితే ఆ బలమంతా గేరుబాక్సు, ఇరుసు మోయాలి. బరువు పెరిగితే ముందు కమాను పట్టీలు కుంగుతాయి. ఘాటీ దిగేటప్పుడు బ్రేకులు చాలవు. అందుకని అదే రకం పాత ఇంజను కొన్నాము.

ఇంజను దింపే పద్ధతి ఇది. ముందు బ్యాటరీ వైరు తీయాలి. నీళ్ళు, ఆయిలు దింపాలి. బానెట్టు, రేడియేటరు విప్పాలి. డీజిలు గొట్టాల మూతికి శుభ్రమైన గుడ్డ కట్టాలి, దుమ్ము పోకూడదు. ఏ వైరు ఎక్కడిదో చీటీ కట్టాలి. ఆ చీటీలు నేనే రాసినాను. గేరుబాక్సు కింద జాకీ పెట్టి, బోల్టులు విప్పి, చైను కప్పీతో ఇంజను పైకి లాగుతారు. దాని కింద ఎవరూ నిలబడకూడదు.

కొత్తది ఎక్కించే ముందు మేస్త్రి నన్ను పిలిచి, "పాపా, నంబరు చదువు" అన్నారు. ఇంజను నంబరు బ్లాకు మీదే కొట్టి వుంటుంది. కిరసనాయిలుతో తుడిచి చదివినాను. అమ్మినవాడిచ్చిన కాగితంలో చివర 8 వుంది. ఇంజను మీద 3 వుంది. రెండుసార్లు చదివినా అంతే.

"ఒక్క అంకెకి ఏటయిపోద్ది?" అని మావయ్యకి కోపం వచ్చింది. మావయ్యకి చదువు రాదు. మేస్త్రి ఇలా చెప్పినారు: ఇంజను మారితే ఆర్.సి.లో నంబరు మార్పించాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఈ మార్పుల గురించే. నంబరు కలవకపోతే అది దొంగ ఇంజనేమో ఎవరికి తెలుసు? బండి పట్టుకుంటారు.

ఆ ఇంజను తిప్పి పంపినాము. ఇంకోటి రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఆ రోజుల్లోనే మా ఊరి అక్కకి నొప్పులు వస్తే డోలీలో మోసుకెళ్ళినారు. తల్లీబిడ్డా బాగున్నారు. కానీ ఆ రాత్రి నేను నిద్రపోలేదు. నేను చదవకపోతే జీపు ఊళ్ళో వుండేది కదా అనుకున్నాను.

రెండో ఇంజను నంబరు సరిపోయింది. క్లచ్చి ప్లేటు కూడా అప్పుడే మార్చినారు, మళ్ళీ విప్పే పని లేకుండా. గేరుబాక్సు షాఫ్టు తిన్నగా కూర్చోవాలి. కూర్చోకపోతే బోల్టులు బిగించి లాగకూడదు, విరుగుతుంది. ఆయిలు, నీళ్ళు పోసి, డీజిలులో గాలి బుడగలు పోయేదాకా చేతి పంపు కొట్టినారు. తరువాత స్టార్టు చేసి, ఎక్కడా కారడం లేదని చూసుకున్నారు. రేడియేటరు కూడా బాగుచేయించినారు. లేకపోతే ఈ ఇంజనుకీ అదే గతి.

ఆర్.సి. మార్పించాకే మావయ్య మనుషుల్ని ఎక్కించుకున్నాడు. ఇప్పుడు ఏ కాగితం వచ్చినా "ముందు నువ్వు చదువమ్మీ" అంటాడు.

మీ ఊళ్ళో కూడా పాత బండి వుంటే, సెలవులకి వెళ్ళినప్పుడు ఇంజను నంబరు, ఆర్.సి. పక్కపక్కన పెట్టి చదవండి. రేడియేటరులో నీళ్ళు కూడా చూడండి. ఇంజను చల్లగా వున్నప్పుడే మూత తీయాలి, మరిచిపోకండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని