ఒక ఖాతా, ఇద్దరు గుమాస్తాలు

ఒక ఖాతాలో 500 రూపాయలు నిల్వ కలదనుకొందము. ఇద్దరు గుమాస్తాలు చెరి 100 రూపాయలు జమకట్టదలచిరి. మొదటివాడు నిల్వ 500 అని చూచెను. అతడు వ్రాయులోపల రెండవవాడును 500 అనియే చూచెను. ఇద్దరును 600 అని వ్రాసిరి. కూడికలో తప్పు లేదు. 100 రూపాయలు మాత్రము మాయమైనవి!

కంప్యూటరులో ఒకే జ్ఞాపకపు అరను పెక్కు ప్రోగ్రాములు ఇట్లే పంచుకొనును. ఒకటి పని ముగించువరకు రెండవది గడప వెలుపల నిలువవలెను. ఈ కట్టుబాటు సులభమని తోచును. కాదనుటకు 1966 నాటి ఉదంతమొకటి చాలును.

1965లో డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా ఎన్ని ప్రోగ్రాములకైనను సరిపడు పద్ధతిని ఒక అమెరికా పత్రికలో ప్రకటించెను. మరుసటి జనవరిలో హైమన్ అను నాతడు, ఇద్దరికి మాత్రమే చాలు సులభమార్గమును అదే పత్రికలో అచ్చువేయించెను. అందు ఒక్కొక్కరికి ఒక జెండా, ఇద్దరికి కలిపి వంతు తెలుపు పలక. లోనికి పోగోరువాడు జెండా నెత్తవలెను. పలకపై తన పేరున్నచో పోవచ్చును. లేనిచో ఎదుటివాని జెండా దిగువరకు ఆగి, తన పేరు వ్రాసికొని, పలకను మరల చూచి పోవలెను.

చక్కగనే యున్నది గదా! మా మాట నమ్మనక్కరలేదు, చదువరులే పరికింపుడు. పలకపై రామయ్య పేరున్నది. సోమయ్య జెండా నెత్తెను. రామయ్య జెండా దిగియుండుట చూచెను. పేరు వ్రాయబోవుచు క్షణమాగెను. ఆ క్షణముననే రామయ్య జెండా నెత్తి, పలకపై తన పేరే యుండుటచే లోనికి పోయెను. అంతట సోమయ్య తన పేరు వ్రాసికొని తానును ప్రవేశించెను. ఇద్దరును లోపలనే! ఆ మే నెలలో డొనాల్డ్ క్నూత్ ఈ లోపమును బయటపెట్టెను.

వేయిసార్లు నడిపి చూచినను ఇట్టి తప్పు దొరకకపోవచ్చును. పదేసి అడుగులు గల రెండు ప్రోగ్రాములు కలగలియు వరుసలే 1,84,756. చెడ్డ వరుస పరీక్షనాడు తప్పించుకొని జీతములనాడు ఎదురుకావచ్చును. కావున తర్కముతో రుజువు చేయవలెను; లేదా సాధ్యమగు స్థితులన్నిటిని యంత్రముచేతనే వెదకింపవలెను. ఈ రెండవ మార్గమునకు పునాది వేసిన క్లార్క్, ఎమర్సన్, సిఫాకిస్‌లకు 2007 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారము లభించినది.

ఇంకొక చిక్కు కలదు. 1981లో పీటర్సన్ ప్రకటించిన పద్ధతి కాగితముపై నిర్దోషము. కాని నేటి ప్రాసెసరు తాను వ్రాసినదానిని తన చిన్న అరలో కొంతసేపు నిలిపియుంచి, పిమ్మట అందరి జ్ఞాపకమునకు పంపును. ఎత్తిన జెండా ఎదుటివానికి అంతవరకు కనబడదు. నడుమ ‘కంచె’ అను ప్రత్యేకాజ్ఞ పెట్టనిచో ఇంటెల్ ప్రాసెసరుపై పీటర్సన్ పద్ధతియు భగ్నము కాగలదు.