వేలిముద్ర, ఓటీపీ, పిన్: అపోహలు – వాస్తవాలు

వడ్ల కొనుగోలు కేంద్రంలో పేరు రాయించుకోవాలంటే ఆధార్, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పాసుపుస్తకం జిరాక్సులు ఇవ్వాలి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో సీజను వచ్చిందంటే వడ్లతోపాటు ఈ కాగితాలూ చేతులు మారుతుంటాయి. వాటి భద్రత గురించి జనంలో ఉన్న నమ్మకాల్లో కొన్ని అతిభయం, కొన్ని అతిధీమా.

అపోహ: ఆధార్ నంబరు తెలిస్తే చాలు, ఖాతా ఖాళీ చేస్తారు.

వాస్తవం: నంబరు ఒక్కదానితో డబ్బు తీయడం కుదరదు. వేలిముద్రో ఓటీపీయో దానికి తోడైతేనే ప్రమాదం. అయినా పూర్తి నంబరు అందరికీ ఇవ్వనక్కర్లేదు. చివరి 4 అంకెలే కనిపించే ‘మాస్క్‌డ్ ఆధార్’ను ఆధార్ సంస్థ వెబ్‌సైటు నుంచి దించుకోవచ్చు. జిరాక్సు ఇవ్వక తప్పనప్పుడు ఏ పనికి ఇస్తున్నదీ, తేదీతో సహా దాని మీదే రాయడం మంచిది.

అపోహ: ఓటీపీ చెప్పనంతవరకు డబ్బు భద్రం.

వాస్తవం: లోతుగా పాతుకుపోయిన నమ్మకం ఇది. ఊళ్లో బ్యాంకు మిత్ర దగ్గర చిన్న మిషన్ మీద వేలు పెట్టి డబ్బు తీసుకునేటప్పుడు ఓటీపీ, పిన్ ఏవీ అడగరు. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర ఉంటే చాలు. మరి వేలిముద్రకు నకలు తయారవుతుందా? తెలంగాణలోనే రుజువుంది. 2018లో పెద్దపల్లి జిల్లాలో సిమ్ కార్డులు అమ్మే ఒక వ్యక్తి, రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులోని భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు తీసి, రబ్బరు స్టాంపుల పద్ధతిలో నకళ్లు చేసి, ఇతరుల పేర్ల మీద వేల సిమ్‌లను యాక్టివేట్ చేసినట్టు పోలీసులు కనిపెట్టారు. పిన్ బయటపడితే మార్చుకోవచ్చు, వేలిని మార్చుకోలేరు. అందుకే ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ పెట్టారు. లాక్ చేశాక రేషన్ దుకాణంలోనూ వేలు పడదు కాబట్టి వెళ్లేముందు కాసేపు తీయాలి. భరించదగ్గ ఇబ్బందే. తమ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకుని, తమవి కానివాటి మీద అక్కడే ఫిర్యాదు చేయవచ్చు.

అపోహ: డబ్బు రావాలన్నా యూపీఐ పిన్ కొట్టాలి.

వాస్తవం: పిన్ కొడితే డబ్బు పోతుందే తప్ప రాదు.

అపోహ: తెలిసినవాళ్లు వాట్సాప్‌లో పంపిన ఫైలు తెరిస్తే భయం లేదు.

వాస్తవం: పంపింది వాళ్లేనన్న నమ్మకం లేదు; వాళ్ల ఖాతా అప్పటికే దొంగల చేతిలో ఉండవచ్చు. పెళ్లి పత్రిక, బండి చలాన్, పీఎం కిసాన్ అంటూ వచ్చే ఫైలు పేరు చివర ‘ఏపీకే’ ఉంటే అది ఫొటో కాదు, యాప్. దాన్ని ఇన్‌స్టాల్ చేసి అనుమతులిస్తే ఫోనుకు వచ్చే ఓటీపీలను అదే చదివేస్తుంది.

అపోహ: పోయిన డబ్బు ఎలాగూ రాదు, ఫిర్యాదెందుకు?

వాస్తవం: దొంగసొమ్ము ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు పరుగెడుతుంది. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఎంత త్వరగా ఫోన్ చేస్తే దాన్ని మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. బ్యాంకుకూ వెంటనే చెప్పాలి. ఖాతాదారు తప్పు, బ్యాంకు తప్పు రెండూ లేని మోసాన్ని 3 పనిదినాల్లోగా తెలిపితే ఖాతాదారుకు నష్టం ఉండకూడదని రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఆదేశించింది. పిన్ తానే చెప్పినా సరే, బ్యాంకుకు తెలిపిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే. కోదాడవాసి ఖాతా విజయవాడలో ఉండి, దొంగ మరో రాష్ట్రంలో ఉన్నా కోదాడ పోలీసు స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వవచ్చు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా, ఫిర్యాదు ఇచ్చిన స్టేషన్‌లోనే దాన్ని నమోదు చేసుకోవాలి.